వార్తలు చదివే గొంతు వెనుక

1974 మే 8న ఆరంభమై 27న ముగిసిన రైల్వే సమ్మెలో పాల్గొన్న పెద్దలు కొందరు నేటికీ మన మధ్య ఉన్నారు. నాడు దేశం నలుమూలల సమాచారాన్ని గంటలలో చేరవేయగల సాధనం రేడియో. ఆకాశవాణి అప్పటికి ప్రభుత్వ శాఖ. వివాదంలో యాజమాన్యమూ ప్రభుత్వమే. ఒక పక్షం చేతిలోని మైకులో రెండవ పక్షం మాటకు చోటెక్కడిది? రేడియో లైసెన్సు రుసుము వసూలు చేసినది మాత్రం మన తపాలా కౌంటర్లలోనే!

ఇందుకు న్యూస్ రీడర్లను నిందించుట న్యాయం కాదు. వార్తను ఎంచేవారు, వ్రాసేవారు, దిద్దేవారు వేరు. స్టూడియోలో ఎర్రదీపం వెలిగిన తరువాత కాగితం మీద ఉన్నదానిని తొట్రుపాటు లేకుండా చదువుటే వారి విధి. అయినను శ్రోతకు గుర్తుండేది ఆ గొంతే. టెలిగ్రాం వ్రాసినది మన సోదరుడు కాడు. కాని గుమ్మం ముందు కన్నీటిని ఎదుర్కొన్నది అతడే.

1983 నవంబరు 14న హైదరాబాదు దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారు 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ప్రాంప్టరు లేని ఆ రోజులలో వార్తను ముందుగా ఆకళింపు చేసుకొని, కెమెరా వైపు చూస్తూ చెప్పేవారాయన. నేటి ప్రైవేటు ఛానళ్లలో పలువురు యాంకర్లు వార్త చెప్పుటకు ముందే తీర్పు చెప్పుచున్నారు. సమ్మె అనగానే ప్రయాణికుల ఇక్కట్లు తెరపైకి వచ్చును. కోర్కెల పత్రంలో ఏమున్నదో చదివేవారు అరుదు. కాగితానికి కట్టుబడిన పాత రీడరే మేలనిపించిన సందర్భాలు లేకపోలేదు.

స్వతంత్ర ట్రస్టు కావలెనని వర్గీస్ కమిటీ 1978లోనే సిఫారసు చేసినది. ప్రసారభారతి చట్టం 1990లో ఆమోదం పొందినను 1997లో గాని అమలు కాలేదు. సంస్థకు స్వయంప్రతిపత్తి లభించినంత మాత్రాన అందులో పనిచేసేవారికి ధైర్యం లభించునా? ప్రాంతీయ వార్తా విభాగాలలో నెలకు కొద్దిదినాలే పిలుపు అందుకొనే క్యాజువల్ న్యూస్ రీడర్లు ఉన్నారు. క్యాజువల్ బ్రతుకు ఎట్టిదో రైల్వే కార్మికునికి ఎవరూ చెప్పనక్కరలేదు. వచ్చే నెల పిలుపు వచ్చునో రాదో తెలియని వ్యక్తి, "ఈ వాక్యం ఏకపక్షంగా ఉన్నది, రెండవ పక్షం మాటకూడా చేర్చండి" అని ఎడిటరును అడుగగలరా?

వారి సర్వీసు భద్రత మన ఫెడరేషన్ కోర్కెలలో చేరవలెను. రాబోయే మహాసభలో ఈ తీర్మానాన్ని ప్రతిపాదించవలసినదిగా శాఖలకు మనవి.