ప్రమాద మెవరిది?

మేము చావకుండుట మా పూర్వజన్మ సుకృతమని మమ్ము చూడవచ్చిన వారెల్లరును చెప్పిరి. ఒక పెద్దమనిషి పోచమ్మకు బోనము మ్రొక్కుకొమ్మనెను. మఱియొకరు మా జాతకము తెప్పించి చూచి, అష్టమశని పోవుచు పోవుచు తోకతో కొట్టిపోయినాడని తేల్చిరి. గ్రహములను నిందించినవారు కొందఱు. ఈ వయసున సైకిలెక్కినందులకు మమ్ము నిందించినవారు పెక్కుమంది. తలకు టోపీ పెట్టుకొంటిరా యని యందఱు నడిగిరి. పెట్టుకొంటిమి, అది రెండు వ్రక్కలై మా యటుకమీద నున్నది. మమ్ము పడగొట్టిన బస్సు ఏల యంత వేగముగా పోవుచుండెనని యడిగినవా రొక్కరును లేరు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మదియే.

మాది గుండ్లపోచంపల్లి. పట్టుచీరల పోచంపల్లి వేఱు. మాది మేడ్చలు త్రోవలో, సికింద్రాబాదు నుండి నిజామాబాదు పోవు రైలుమార్గముపై నున్న యూరు. ఇక్కడ దుస్తుల యెగుమతి పార్కు గలదు. తెల్లవాఱినది మొదలు కుట్టుపనివారు, కావలివారు, తాపీపనివారు కాలినడకనో సైకిళ్లపైనో పనులకు పోవుచుందురు. మేమును పదునాఱేండ్లుగా సైకిలుపైననే కొంపల్లి మీదుగా సుచిత్ర చేరువనున్న మా పాఠశాలకు పోవుచు వచ్చితిమి.

గత శ్రావణమున నొక యుదయము, ఏడుంబావు వేళ, మేమింకను పెద్ద రహదారి చేరలేదు. వెనుకనుండి యొక కళాశాల బస్సు మమ్ము దాటబోవుచుండగా ఎదురుగా నీళ్ల ట్యాంకరు వచ్చెను. బస్సు చప్పున నెడమకు తిరిగెను. దాని ప్రక్కరేకు మా కుడిభుజమునకు తగిలెను. ఆ రేకుపై సరస్వతీదేవి బొమ్మ యుండెను. మాకు జ్ఞాపకమున్న కడపటి వస్తువదియే. మెడయెముక విఱిగినది, ప్రక్కటెముకలు మూడు విఱిగినవి, తలకు తొమ్మిది కుట్లు పడినవి.

కన్ను తెఱచునప్పటికి చుట్టును జనులు మూగియుండిరి. వారిలో ననేకుల చేతులలో ఫోనులు మాకెదురుగా నెత్తబడి యుండెను. ముట్టుకొన్నచో సాక్ష్యమునకు పోవలసివచ్చునని యొకడనెను. అది మూఢభయము. సహాయము చేసినవానిని వేధింపరాదని సుప్రీముకోర్టు 2016లోనే శాసించినది. 2019లో ఆ రక్షణ మోటారు వాహనముల చట్టముననే చేరినది. ఆ సంగతి పట్టభద్రులైన ఫోనువారికి తెలియదు. కుట్టుపనికి పోవుచున్న యిద్దఱు స్త్రీలకును తెలియదు కాబోలు; అయినను వారిలో నొకతె మా తల తన యొడిలో పెట్టుకొని, “సారూ, లెవ్వకుండ్రి, గట్లనే పండుండ్రి” అనెను. రెండవయామె ఆటో నాపెను. ఆ దినము వారికి సగముపూట కూలి పోయినదని తరువాత వింటిమి.

మంచముపై పడియున్న యాఱు వారములును ఒక మాట మమ్ము వేధించెను. అందఱును “ప్రమాదము జరిగినది” యనుచుండిరి. సంస్కృతమున ప్రమాదమనగా ఏమఱుపాటు. చేయవలసినదానిని చేయక విడుచుట. తైత్తిరీయోపనిషత్తులో, చదువు ముగించి పోవు శిష్యునకు గురువు చేయు హెచ్చరికలలో నీ మాటయే మరల మరల వచ్చును. ప్రమాదమునకు కర్త యుండి తీరవలెను. ఇంగ్లీషువారి ఆక్సిడెంటు అట్టిది కాదు; దాని లాటిను మూలమునకు పైబడుట యని యర్థము. అడుగువాడు లేడు, చేసినవాడు లేడు. మనవారు ఆ కర్తలేని యర్థమును తెచ్చి మన మాటలో పోసికొనిరి. అచ్చటనో, బ్రిటిష్ మెడికల్ జర్నలు 2001లో ఆక్సిడెంటను మాటను తన పుటలనుండి బహిష్కరించినది. గాయములలో చాలభాగము ముందుగా నూహించి తప్పింపదగినవే యని దాని వాదము. వారు విడిచిన దానిని మనము పట్టుకొని వ్రేలాడుచున్నాము.

కావున మా ప్రశ్న: మమ్ము పడగొట్టిన యేమఱుపా టెవరిది?

డ్రైవరుదని కళాశాలవారు వెంటనే నిర్ణయించిరి. వారి మేనేజరొకడు కవరుతో వచ్చి, “సార్, మీరూ చదువు చెప్పేవారే, మేమూ చదువు చెప్పేవారమే. ఆ డ్రైవర్‌ను అదే రోజు తీసేసినం” అని సగర్వముగా పలికెను. మేము కవరు తిప్పియిచ్చి, ఆ బస్సు వేళల పట్టిక యొకసారి చూపుమంటిమి. ఆయన చూపలేదు. పదిదినములకు డ్రైవరే భార్యతో, నాలుగు బత్తాయిపండ్లతో వచ్చెను. తొమ్మిదిలోపల రెండు తిరుగుళ్లు ముగియవలెనట. గంట దాటినచో సగముదినము జీతము కోతయట. అయిదు నిమిషము లాలసించినచో తల్లిదండ్రులు ఫోనులో తిట్టుదురట. 2017 నాటి మోటారు వాహన చోదన నిబంధనలు పాదచారుల యెడలను సైకిలువారి యెడలను విశేషజాగ్రత్త వహింపవలెనని చెప్పుచున్నవి. ఆ జాగ్రత్తకు కావలసిన నిమిషములను పట్టిక వ్రాసినవాడు మ్రింగివేసెను.

ఇంటనున్న చదువరులారా, ఆ ఫోనులు చేసినవారు మనవారే. మమ్మును మేము విడిచిపెట్టుకొనజాలము. ఏండ్ల తరబడి మా పాఠశాల ద్వారమున గడియారము చేతబట్టి నిలిచి, రెండు నిమిషములు వెనుకబడిన పిల్లలను ఎండలో నిలువబెట్టిన వారము మేము. ఆ పిల్లలను తెచ్చిన యాటోలు ఎవరిని రాచుకొని వచ్చెనో యొకనాడును విచారింపలేదు.

రోడ్డు మోటార్లది, సైకిలువానికందేమి పని యందురా? న్యూయార్కులో 1896 మే 30వ తేదీన జరిగిన, అమెరికాలో మొదటివాటిలో నొకటిగా చెప్పబడు మోటారు దుర్ఘటనలో దెబ్బతిన్నది సైకిలుపై పోవుచున్న యొక స్త్రీయే. ఆమె కాలు విఱిగెను. మోటారువాడు ఆ రాత్రి ఠాణాలో గడపెను. సైకిలు ముందే రోడ్డుమీద నున్నది. తరువాత వచ్చినది మోటారు. హాలెండు దేశమున 1971లో మూడువేలకు పైగా జనులు రోడ్లపై చచ్చిరి. వారిలో నాలుగువందలకు మించి పిల్లలు. అచ్చటి తల్లిదండ్రులు శని తోక యనలేదు. “శిశుహత్య నాపుడు” అను పేరుతో 1973లో ఉద్యమము లేవదీసిరి. నేఁటి యా దేశపు సైకిలుబాటలకు ఆ యుద్యమ మొక పునాది. మన దేశమున 2022లో రోడ్లపై చచ్చినవారు 1,68,491 మంది. దినమునకు నాలుగువందల యఱువదికి పైగా. మన కిది తలవ్రాత!

సైకిలుబాట మన నగరమునకును వచ్చినది. 2023లో నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరుల వైపున ఔటరు రింగురోడ్డు ప్రక్కను 23 కిలోమీటర్ల బాట, పైన సూర్యఫలకముల కప్పుతో తెఱచిరి. చక్కని బాటయే, మేము చూచితిమి. ఉదయమున వ్యాయామమునకై వచ్చువారు దానిపై సుఖముగా తిరుగుచుందురు. మా యూరి వైపున కుట్టుపనికి పోవువారికి కప్పు వలదు, ఫలకములు వలదు. రోడ్డు ప్రక్కను రెండు మూరల సమతలము, దానికి బస్సునకు నడుమ నొక గట్టు చాలును.

వేళల పట్టికను విచారణలో చేర్పుమని పోలీసువారికి వ్రాసి యిచ్చితిమి. మా పాఠశాల ద్వారమును పది నిమిషము లాలసముగా మూయుదమని తల్లిదండ్రుల సభలో ప్రతిపాదించితిమి. క్రమశిక్షణ చెడునని ముగ్గురు లేచి వాదించిరి, నిర్ణయము వచ్చే సభకు వాయిదా పడినది. మా కుడిచేయి భుజమునకు పైకి లేవదు. నల్లబల్ల క్రిందిసగమున మేము వ్రాయుదుము, పైసగమున నొక బాలిక స్టూలెక్కి వ్రాయును. సైకిలు బాగుపడినది, దసరా సెలవుల తరువాత మరల నెక్కితిమి. క్రొత్త డ్రైవరుతో ఆ బస్సు ఇప్పటికిని ఏడుంబావుకే, ఆ వేగముతోనే వచ్చుచున్నది. దాని మ్రోత వినబడగానే మేము దిగి, అది దాటిపోవువఱకు సైకిలును పట్టుకొని ముండ్లపొదలలో నిలుచుచున్నాము.