మార్చి జ్వరానికి మందు

ఢిల్లీలో మార్చి మాసం వచ్చిందంటే ప్రభుత్వ కార్యాలయాలకూ, ఉద్యోగుల ఇళ్లకూ ఒకే జ్వరం పట్టుకుంటుంది. మంజూరైన సొమ్ము నెలాఖరుతో మురిగిపోతుందని కార్యాలయాల తొందర. మినహాయింపు చేజారిపోతుందని, పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగుల తొందర. 1867 నుంచి మన ఆర్థిక సంవత్సరం మార్చి 31తోనే ముగుస్తున్నది.

ఈ జ్వరానికి ప్రభుత్వం తనవరకు ఒక మందు కనిపెట్టుకున్నది. ఏడాది ఖర్చులో చివరి మూడు నెలల వాటా 33 శాతాన్ని, మార్చి వాటా 15 శాతాన్ని మించరాదని ఆర్థిక మంత్రిత్వ శాఖ తక్కిన శాఖలకు నియమం విధించింది. కేంద్రం జమాఖర్చులను కంట్రోలర్ జనరల్ ఆఫ్ అకౌంట్స్ కార్యాలయం నెలనెలా ప్రకటిస్తుంది. దేశపు ఖజానాకే నెలవారీ లెక్క అవసరమైనప్పుడు గృహస్థుకు అవసరం లేకపోతుందా?

ఆలస్యానికి వెల ఎంతో పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ ఖాతా చెబుతుంది. ఇందులో ఏడాదికి గరిష్ఠంగా 1,50,000 రూపాయలు జమ చేయవచ్చు. ప్రతి నెలా 5వ తేదీకీ నెలాఖరుకూ నడుమ ఉన్న కనిష్ఠ నిల్వపైనే వడ్డీ లెక్కిస్తారు. ఆ మొత్తాన్ని ఏప్రిల్ 5లోగా జమ చేసినవారికి, 2020 ఏప్రిల్‌లో నిర్ణయించిన 7.1 శాతం రేటున, సంవత్సరాంతానికి 10,650 రూపాయల వడ్డీ వస్తుంది. మార్చి 31న జమ చేసినవారికి ఆ సొమ్ముపై ఆ ఏడు ఒక్క పైసా రాదు. ఒకేసారి కట్టలేనివారు నెలనెలా 5వ తేదీలోగా కొంత కొంత కట్టుకోవచ్చు.

ఇంతకన్న పెద్ద నష్టం తొందరలో చేసిన సంతకం. కేవలం రసీదు కోసం మార్చిలో తీసుకున్న బీమా పాలసీకి ఏళ్ల తరబడి ప్రీమియం కట్టవలసి వస్తుంది. మధ్యలో మానుకుంటే కట్టినదంతా తిరిగి రాదు.

ఖర్చులకూ ఒక పంచాంగం ఉన్నది. ఏప్రిల్‌లో పిల్లల ఫీజులు, పుస్తకాలు. మే, జూన్ ఎండల్లో విద్యుత్ బిల్లు. సంక్రాంతికి స్వగ్రామం చేరదలచిన తెలుగు కుటుంబం తెలంగాణ ఎక్స్‌ప్రెస్ టికెట్టుకు నవంబరులోనే డబ్బు తీయాలి. 2024 నవంబరు 1న రిజర్వేషను గడువు 60 రోజులకు తగ్గింది. ఇవేవీ ఆకస్మికాలు కావు. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి నెలనెలా విడిగా తీసిపెట్టిన ఇంట చేబదుళ్ల ప్రసక్తి తక్కువ.

జీతం అందిన వారంలో ఒక అరగంట చాలు. వచ్చినదెంత, పోయినదెంత, రాబోయే మూడు నెలల్లో కట్టవలసినదెంత అన్నవి ఒక నోటు పుస్తకంలో భార్యాభర్తలిద్దరూ కూర్చుని రాసుకోవాలి. ఖాతాలన్నిటికీ నామినీ పేరున్నదో లేదో ఏడాదికొకసారి చూసుకోవాలి. పదేళ్లపాటు ఎవరూ అడగని బ్యాంకు డిపాజిట్లు 2014 నుంచి రిజర్వు బ్యాంకు నిర్వహించే ప్రత్యేక నిధికి చేరుతున్నాయి. వారసులు ఆ తరువాతనైనా అడిగి తీసుకోవచ్చు. కాని అటువంటి ఖాతా ఒకటి ఉన్నదని ముందుగా వారికి తెలియాలి.