బంతి నంటని యాటగాండ్రు

అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున కాపురమున్న మన చదువరి సోదరి యొకతె యీ నెల మాకొక జాబు వ్రాసినది. ఆమె కుమారుడు పదునాఱేండ్లవాడు. అచ్చటి పాఠశాల ఫుట్‌బాలు జట్టులో వానిని ముందువరుసలో నిలిపిరట. "వాడు బంతిని ముట్టడు, పరుగెత్తడు, వాని పేరెవ్వరును పిలువరు. ఆట ముగిసి యింటికి వచ్చినంతనే చుట్టములు 'నీ వెన్ని పాయింట్లు తెచ్చితివి?' అని యడుగుదురు. వాడు తల వంచుకొని గదిలోనికి పోవును. బాగుగా నాడినాడో లేదో తల్లినైన నాకే తెలియకున్నది. ఏమి చూచి తెలిసికొనవలెను?" అని యామె ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది. ఆ యాటనే జీవనముగా చేసికొన్నవారికిని, వారికి కోట్లకొలది డాలర్లు జీతమిచ్చు యజమానులకును నడుమ నేటికిని తెగని ప్రశ్న యిదియే.

ఎఱుగని సోదరీమణులకై ముందుగా రెండు మాటలు. ఇది మన పిల్లలు కాలితో తన్ను ఫుట్‌బాలు కాదు. రెండు కొనలు సన్నగిల్లిన బంతిని చేతబట్టి 100 గజముల మైదానమున ముందునకు కొనిపోవు నాట. ఒక్కొక్క పక్షమున 11 మంది. బంతి గల పక్షము నాలుగు యత్నములలో 10 గజములు సాగవలెను. బంతిని విసరుచు ఆట నడుపు నాయకుని క్వార్టరుబ్యాకందురు. వానికి ముందు అయిదుగురు బారుగా నిలుతురు: నడుమ సెంటరు, వానికిరుప్రక్కల గార్డులు, వారి కావల టాకిలులు. వృత్తిగా నాడువారిలో నొక్కొక్కరు సుమారు 140 కిలోల బరువుందురు. సామాన్యముగా వీరు ముందునకు విసరిన బంతిని పట్టరాదు. మీదికి వచ్చు నెదుటివారి నాపుట, బంతితో పరుగెత్తువానికి దారి చేయుట, యింతియే వీరి పని.

ఆ పని చక్కగా జరిగిననాడు ఏమియు జరుగనట్లే యుండును. కూరలో ఉప్పు సరిపోయిన దినమున ఉప్పు మాట యెవ్వరెత్తుదురు?

విసరినవానికి, పట్టినవానికి, పరుగెత్తినవానికి లెక్కలు కలవు. బంతితోనున్న క్వార్టరుబ్యాకును పడగొట్టుటను స్యాకందురు. 1982 నుండి దానిని పడగొట్టినవాని పేర అధికారపు లెక్కలలో వ్రాయుచున్నారు. పడకుండ కాచినవాని పేర వ్రాయుటకు గడియే లేదు. వాడు ఎదుటివానిని పట్టి లాగినచో 10 గజములు, బంతి కదలకమున్నే కదలినచో 5 గజములు శిక్ష. అపుడు మాత్రము నిర్ణేత వాని సంఖ్యను మైదానమంతయు వినునట్లు చాటును. అసోసియేటెడ్ ప్రెస్సువారు ఏటేట నిచ్చు అత్యుత్తమ క్రీడాకారుని గౌరవము 1982 లో బంతిని తన్నుటకు మాత్రమే వచ్చు మార్కు మోజ్లీకి దక్కినది గాని, ఈ వరుసలోని వాని కొక్కనికైనను దక్కలేదు. 2025 లో మాత్రము ఈ యైదుగురికై ప్రత్యేకముగా నొక బహుమానము నెలకొల్పి, వెనుక ఆ పనియే చేసి విరమించినవారిని నిర్ణేతలుగా నుంచిరి. ఇది తెలివిగల యేర్పాటని మా యభిప్రాయము.

వీరి విలువ లోకమునకు తెలియవచ్చినది ఒక యాపదవలన. 1985 నవంబరు 18 వ తేదీ రాత్రి వాషింగ్టను జట్టు క్వార్టరుబ్యాకు జో థైస్‌మన్ను, న్యూయార్కు జెయంట్సు పక్షమున నాడు లారెన్సు టెయిలరు పడగొట్టగా అతని కాలు విఱిగినది. దేశమంతయు టెలివిజనులో చూచినది. అతడు మరల నాటకు రాలేదు. కుడిచేత విసరువానికి ఎడమప్రక్క వీపువెనుకకు పోవును. అటనుండి వచ్చువాడు కంటబడడు. ఆ ప్రక్కను కాచునది ఎడమ టాకిలు. వాషింగ్టను జట్టులో ఆ చోట నిలుచు జో జాకబీ నాడు దెబ్బవలన ఆటలో లేడు. ఉండినచో ఆ కాలు నిలిచెడిదా? ఎవరును చెప్పజాలరు. ఈ పనివారిని తూచుటలోని చిక్కంతయు ఇచ్చటనే యున్నది: జరుగని కీడునకు సాక్ష్యముండదు.

సామాన్యులు చేయు పొరపాటు స్యాకులను లెక్కించి ముందువరుసను నిందించుట. క్వార్టరుబ్యాకు బంతిని విసరక చేతబట్టుకొని నిలిచియుండినచో ఎంతటివాడు కాచినను ఎంతసేపు కాచును? మఱియు, ఎవడు ఎవని నాపవలెనో ముందే నిర్ణయింతురు. ఎదుటివా రిద్దఱు ఒకరి దారి నొకరు దాటుచు వచ్చినపుడు, వీరిద్దఱును తమ మనుష్యులను మార్చుకొనవలసియుండును. అప్పుడొకడు తప్పించుకొనిపోయినచో తప్పెవరిది? పొయ్యిమీది పాలు పొంగిపోయిన తప్పెవరిదో ఆ యింటి తోడికోడండ్రకే తెలియును. గుమ్మమున నిలిచి చూచు చుట్టమునకు పొయ్యి దాపున నున్నామెదే తప్పుగా గనబడును.

తూచుటకు యత్నములు లేకపోలేదు. జట్టు శిక్షకులు ఆట ముగిసిన తరువాత చిత్రమును త్రిప్పి త్రిప్పి చూచి, ప్రతి యత్నమునకు ఒప్పో తప్పో గుర్తు వేయుదురు. నిర్ణయములు వారికి తెలియును గనుక వారి మాటకు బరువెక్కువ. కాని ఆ కాగితములు బయటికి రావు. బయటివారిలో నీల్ హార్న్స్‌బీ యను ఇంగ్లీషువాడు స్థాపించిన ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ సంస్థవారు, ప్రతి యాటగాని ప్రతి యత్నమునకు 2 తక్కువనుండి 2 ఎక్కువవఱకు అర చొప్పున మార్కులు వేయుదురు. వీరి శ్రమ మెచ్చదగినదే. అయినను లోపలి నిర్ణయ మెఱుగనివా రెట్లు మార్కులు వేయుదురని ఆటగాండ్రే కొందఱు ఆక్షేపించుచున్నారు.

2018 నుండి ఇ.ఎస్.పి.ఎన్. వారు మఱొక మార్గము త్రొక్కిరి. ఆటగాండ్ర భుజకవచములలో నమర్చిన చిన్న యంత్రములు క్షణక్షణమును వారెచ్చట నున్నదియు తెలుపును. దానినిబట్టి, విసరు యత్నమున ఎదుటివానిని రెండున్నర సెకండ్లు ఆపినవానికి గెలుపని వ్రాయుదురు. చుట్టములకు చెప్పుటకు ఇది సులభమైన కొలత. కాని పక్కవాని సాయముతో ఆపినవానికిని, భయంకరునితో ఒంటిగా తలపడినవానికిని ఈ కొలతలో భేదము చక్కగా తెలియదు. మేమైతే ఏ సంఖ్యను చూచినను ముందుగా, అతడు ఒంటిగా నిలిచెనా, తోడుతో నిలిచెనా యని యడుగుదుము.

జట్టు గెలుపునుబట్టి తూచుట అన్నిటికంటె అన్యాయము. క్లీవ్‌లాండు జట్టు ఎడమ టాకిలు జో థామసు 2007 నుండి 2017 వఱకు ఒక్క యత్నమైనను తప్పక వరుసగా 10,363 యత్నములు నిలిచెను. 2017 లో చేతి కండరము తెగినప్పుడు గాని మైదానము విడువలేదు. ఆ కాలమున వాని వెనుక సుమారు 20 మంది క్వార్టరుబ్యాకులు మాఱిరి. ఆ జట్టు ఆ యేండ్లలో ఒక్కసారియైనను తుదిపోటీల మెట్టెక్కలేదు. 2017 లో ఆడిన 16 ఆటలును ఓడెను. జయాపజయములే కొలతయైనచో వానికి సున్న. తెలిసినవారు వానిని 2023 లో ఆ క్రీడలోని మహనీయుల మందిరమున చేర్చుకొనిరి.

ఇక సోదరి యేమి చూడవలెను? మొదట, బంతిని చూడగూడదు. ఇది వ్రాయుట సులభము, చేయుట కష్టము. కన్ను బంతివెంటనే పరుగెత్తును. బంతి కదలినపిమ్మట మూడు సెకండ్లు కుమారునిమీదనే చూపు నిలుపవలెను. ముందు పాదములు. విసరు యత్నమున వెడల్పుగా, చిన్న చిన్న యడుగులతో వెనుకకు జరుగవలెను. ఒక కాలు మఱొకదానిని దాటరాదు. పీటమీద కూర్చుండబోవువానివలె మోకాళ్లు వంగి వెన్ను నిటారుగా నుండవలెను. నడుమువద్ద వంగి ముందునకు వ్రాలినవాడు, ఎదుటివాడు ప్రక్కకు తొలగినంతనే బోర్లబడును. చేతులు ఎదుటివాని ఱొమ్ముమీద లోపలి ప్రక్క నుండవలెను. వెలుపలినుండి చుట్టి పట్టినచో శిక్ష వచ్చునని తెలిసికొనుడు.

పరుగు యత్నమున వేఱు. అప్పుడు వెనుకకు గాక ముందునకు త్రోయవలెను. ఇద్దఱు కలసి యొకనిని త్రోసి, వాడు కదలినంతనే వారిలో నొకడు విడిచి వెనుకనున్న రెండవ శత్రువుమీదికి పోవును. తొందరగా విడిచినచో మొదటివాడు నిలుచును. ఆలస్యమైనచో రెండవవాడు పరుగువానిని పట్టును. ఈ వేళ నెఱుగుట యెంత కష్టమో చూచుకొలది తెలియును. 2012 నుండి వృత్తిజట్ల ఆటలలో 22 మందియు గనబడు చిత్రములు ప్రజలకును దొరకుచున్నవి. తల్లియు కొడుకును కూర్చుండి ఒకటి రెండు చూచిన మేలు.

మఱొకటి కలదు, మా కన్నిటికంటె ఇదియే ముఖ్యముగా తోచుచున్నది. కొన్ని యత్నములలో వానిమీదికి ఎవ్వడును రాడు. అప్పుడు చేతులు దించుకొని నిలిచెనా, ఇటునటు చూచి కష్టములోనున్న పక్కవానికి భుజమొడ్డెనా? ఏ లెక్కయు దీనిని సరిగా పట్టదు. తల్లి కన్ను పట్టగలదు.

ఆట ముగిసినరాత్రి చుట్టముల ప్రశ్నకు బదులుగా, "ఈ దినము నీ కప్పగించిన దెవరిని? వాడు నిన్ను దాటిపోయిన దెన్నిసార్లు? అవి యెట్లు జరిగెను?" అని యడుగుడు. వాడు అన్నముచల్లారునంతసేపు చెప్పినను వినుడు.

సోదరీ, మీ కుమారుడు నిలుచునది ఎడమప్రక్కనో కుడిప్రక్కనో జాబులో వ్రాయ మఱచితిరి. వచ్చు టపాలో తెలుపుడు.