త్రాడా, ట్రెయిలరా, పలకయా?

గత సమావేశమున, చెడిపోయిన మోటారు సైకిళ్లను పికప్పు బండి సాయమున పట్టణమునకు జేర్చు విషయమై కొంత చర్చ జరిగినది. త్రాడు గట్టి లాగికొనిపోయిన జాలునని కొందఱును, సంఘము ఖర్చుతో నొక చిన్న ట్రెయిలరు కొనవలెనని కొందఱును పలికిరి. నాకీ రెండును సమ్మతములు గావు. కారణములను విన్నవించుచున్నాను.

మొదట త్రాటి మాట. నాలుగు చక్రముల బండిని త్రాటితో లాగినను అది పడిపోదు. రెండు చక్రముల బండి తూకము మీదనే నిలుచునది గదా! ముందున్న పికప్పు బ్రేకు వేయగానే త్రాడు వదులై చక్రమునకు జుట్టుకొనును. మరల సాగినప్పుడు గుంజినట్లై హ్యాండిలు ప్రక్కకు దిరుగును. రెండేండ్ల క్రిందట కోతల కాలమున నేనే యీ పని చేయించి, మోటారు సైకిలుపై నున్న యువకుడు కాలువగట్టు కంకరపై బడి మోచేయి చీల్చుకొనుట కన్నులార జూచితిని. తప్పు నాది. సువార్తలోని మంచి సమరయుడు దెబ్బలు తిన్నవానిని తన వాహనముపై నెక్కించుకొనెనే గాని, వెనుక గట్టి యీడ్చుకొని పోలేదు.

ఇక ట్రెయిలరు. అమెరికా వంటి దేశములలో నిది వాడుక. పికప్పు వెనుక నమర్చిన గట్టి యినుప గొట్టమునకు చట్రము తగిలించి, దానిపై మోటారు సైకిలును నిలుపువారును గలరు. మన బండ్లకు సామాన్యముగా నట్టి గొట్టముండదు. అతుకు వేయించినను, బరువు వెనుక యిరుసునకు ఆవల వ్రేలాడును. ఎద్దుబండిలో వెనుక బరువెక్కువైన కాడి పైకి లేచుట మనమెఱుగనిదా? ముందు చక్రములు తేలికపడిన పికప్పు గతియు నంతియే. ట్రెయిలరు కొన్నచో నెలల తరబడి గోదాము ప్రక్క నెండలో టైర్లు పగులుచు పడియుండును. దానిని వెనుకకు నడుపుట ట్రాక్టరు తోలువారికి దప్ప నందఱకు రాదు. సభ్యుల సొమ్ము అట్లు పాడుచేయుట న్యాయము గాదు.

బండిలోనికే యెక్కింపవలెనని నా మతము. బరువునకు వెఱవ బనిలేదు. స్ప్లెండరు బండి 112 కిలోలు, అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు ఒకటిన్నర. 350 బుల్లెట్టు జాతి బండ్లు 195 కిలోల వఱకు దూగును. ఏ పికప్పునకును ఇది లెక్క గాదు. కష్టమంతయు నెక్కించుటలోనే యున్నది, ఆ కష్టము పలక పొడవును బట్టి యుండును. బండి నేల మూడడుగుల యెత్తున నున్నదనుకొందము. 5 అడుగుల పలకపై స్ప్లెండరును నెట్టుటకు రాపిడి గాక 67 కిలోల బలము గావలెను. 8 అడుగుల పలకపై 42 కిలోలే చాలును. పలక పొట్టిదైన ఇంజను అడుగుభాగము బండి యంచునకు దగిలికొనును గూడ. పికప్పును పల్లమున నిలిపి వెనుక భాగమును చేనిగట్టునకు జేర్చినచో పని మఱింత సులువగును.

పలకలు రెండుండవలెను. ఒకటి చక్రములకు, రెండవది హ్యాండిలు పట్టి నడచువానికి. రెండంగుళముల దళసరి గల చేవకఱ్ఱ మేలు. నడచు పలకపై అడ్డముగా బద్దలు కొట్టింపుడు. పలక పైకొన బండి నేలపైననే యానవలెను, గొలుసులకు వ్రేలాడు తలుపుపై గాదు. ఆ కొనను బండికి గట్టుట మఱవరాదు. చక్రమెక్కునప్పుడు పలక వెనుకకు జాఱుటయే యీ పనిలో ముఖ్యమైన యపాయము. ఒకరు హ్యాండిలు పట్టగా నిద్దఱు వెనుకనుండి నెట్టవలెను. ఇంజను నడిపి యెక్కింప జూచు యువకులను వారింపుడు.

వరిగడ్డిపై ప్రక్కకు బరుండబెట్టు నాచారము మన గ్రామములలో గలదు. పెట్రోలు కారును, బ్యాటరీ నీరు కారును, గడ్డి యంటుకొనిన నెవరు బాధ్యులు? బండిని నిలువుగనే యుంచి, ముందు చక్రమును క్యాబిను గోడకు ఆన్చి, మొదటి గేరులో నుంచి, స్టాండు వేయకుండ నాలుగు ప్రక్కల గట్టవలెను. ముందరి రెండు కట్లు హ్యాండిలు కొనలకు గాక, దాని క్రింద ఫోర్కులను గలుపు పలకకు వేయవలెను. ఫోర్కు స్ప్రింగు సగము దిగువఱకు బిగించిన జాలును. వెనుక కట్లు చట్రమునకే గాని మడ్‌గార్డునకు గాదు. త్రాడు రాయుచోట గోనె మడత పెట్టుడు. నైలాను త్రాడు సాగును గనుక పది కిలోమీటర్లు పోగానే యాగి మరల బిగింపవలెను. బిగించు మరగల రాచెట్ బెల్టులైన నింకను మంచిది. మోటారు సైకిలును పట్టుకొనుటకై వెనుక మనుష్యుని గూర్చుండబెట్టుట మాత్రము ఎన్నటికిని కూడదు. అది పడినచో ముందుగా పడునది వాని కాలిపైననే.

దింపునప్పుడు వెనుక చక్రము ముందుగా దింపవలెను. అప్పుడు బరువంతయు వెనుక చక్రముపై బడుటచే ముందు బ్రేకు అంతగా పట్టదు. గేరులో నుంచి క్లచ్చి కొంచెము కొంచెముగా వదలుచు దింపుడు.

కావున రెండు పలకలు, నాలుగు బెల్టులు సంఘము కొని గోదాములో నుంచవలెనని కోరుచున్నాను. మందు కొట్టు యంత్రమువలెనే వీనిని గూడ రిజిష్టరులో వ్రాసి సభ్యులకు ఇయ్యవచ్చును. రాబోవు సమావేశమున నీ తీర్మానమును నేనే ప్రవేశపెట్టెదను. ట్రెయిలరు కోరువారు దాని వెలయు, ఏడాదికి నెన్ని సారులు గావలసి వచ్చునో యా లెక్కయు వ్రాసి తెచ్చినచో చర్చకు వీలగును.