మణికట్టుకి అంత వాచీ కావాలా?

మొన్న మాఘమాసంలో మా బంధువుల ఇంట పెళ్ళి జరిగింది. భోజనాల బంతిలో నా పక్కన మా అక్కయ్యగారి అబ్బాయి కూర్చున్నాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. వాడి ఎడమ చేతికి ఒక వాచీ ఉంది. దాన్ని వాచీ అనడం కంటే టిఫిను డబ్బా మూత అనడం నయం! మణికట్టుకి అటూ ఇటూ పొడుచుకు వచ్చి ఉంది. డయలు మీద 300 మీటర్లు అని రాసి ఉంది.

"ఏమిట్రా ఇది?" అన్నాను.

"డైవింగ్ వాచీ మామయ్యా! సముద్రంలో మూడు వందల మీటర్ల లోతుకి వెళ్ళినా చుక్క నీరు చొరబడదు."

"నీకు ఈత వచ్చా?"

"రాదు."

భోజనాలయ్యాక చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరకి వెళ్ళాం. మావాడు ముందుగా వాచీ విప్పి, రుమాలులో చుట్టి, జేబులో పెట్టుకున్నాడు. ఎందుకురా అంటే "తడిసిపోతుందేమోనని" అన్నాడు.

నవ్వకండి. మావాడు తెలివితక్కువవాడు కాడు. ఇటువంటి పెద్ద వాచీలు చాలామందికి ముచ్చటగానే ఉంటాయి. పేరున్న కంపెనీల వాటికి లక్షల రూపాయలు పోసి కొనేవారున్నారు. అంత పోయలేనివారు వాటిలాగే కనిపించే చవక రకాలు కొంటున్నారు. మీ తరగతిలో కూడా ఒకరిద్దరి చేతులకి ఉండే ఉంటాయి. సముద్రం అడుగున పనికోసం పుట్టిన వాచీ రోజూ బడికీ, ఆఫీసుకీ, పెళ్ళికీ పెట్టుకోవడానికి తగినదేనా? తగదనే నా అభిప్రాయం. అయితే నేనన్నాను కదా అని ఒప్పుకోవద్దు. కాగితం, పెన్సిలు తీసుకుని నాతోపాటు మీరూ లెక్క చూడండి.

నీటిలోకి దిగినకొద్దీ ప్రతి 10 మీటర్లకీ ఇంచుమించు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలోగ్రాము బరువు పెరిగినట్లు. 300 మీటర్ల లోతున అది 30 కిలోగ్రాములవుతుంది. వాచీ అద్దం వ్యాసం 30 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం దాదాపు 7 చదరపు సెంటీమీటర్లు. ఏడు ముప్ఫైలు రెండువందల పది. అంటే ముగ్గురు పెద్దమనుషులు ఆ చిన్న అద్దం మీద ఎక్కి నిలుచున్నంత బరువన్నమాట! ఇప్పుడు అద్దాన్ని 40 మిల్లీమీటర్లకు పెంచండి. వైశాల్యం పన్నెండున్నర చదరపు సెంటీమీటర్లవుతుంది, బరువు 375 కిలోగ్రాములవుతుంది. ముగ్గురికి తోడు మరో ఇద్దరు ఎక్కారు.

గమనించారా? లోతుకి వెళ్ళాలంటే వాచీ పెద్దదిగా ఉండాలని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి తలకిందులు. వాచీ పెద్దదయినకొద్దీ సముద్రానికి దాన్ని నొక్కడం సులువవుతుంది. అంతే పీడనానికి అంతే గట్టిగా నిలవాలంటే, అద్దం వ్యాసం ఎన్ని రెట్లు పెంచితే మందాన్నీ అన్ని రెట్లు పెంచాలి. వ్యాసం మార్చకుండా నాలుగింతల లోతుకి వెళ్ళాలంటే మందం రెండింతలు కావాలి. మందం లోతుకి వర్గమూలం లెక్కన పెరుగుతుంది.

ఈ సూత్రం నిజమో కాదో సరిచూద్దాం. రోలెక్స్ కంపెనీ 2008లో తెచ్చిన డీప్‌సీ అనే వాచీ 3,900 మీటర్ల లోతుకి తట్టుకుంటుంది. దాని అద్దం మందం 5.5 మిల్లీమీటర్లు. అదే కంపెనీ 2022లో 11,000 మీటర్లకు తట్టుకునే వాచీని అమ్మకానికి పెట్టింది. 11,000ని 3,900తో భాగిస్తే 2.8. దాని వర్గమూలం ఇంచుమించు 1.68. 5.5ని 1.68తో హెచ్చిస్తే 9.2 వస్తుంది. ఆ రెండో వాచీకి కంపెనీ వేసిన అద్దం మందం 9.5 మిల్లీమీటర్లు! మీ గణితం నోటుపుస్తకానికీ స్విట్జర్లాండు కార్ఖానాకీ పెద్ద తేడా లేదు చూశారా!

కాబట్టి లోతుకోసం మందం కావాలి, వెడల్పు అక్కరలేదు. అదే కంపెనీవారి సబ్‌మెరీనర్ వాచీ 40 మిల్లీమీటర్ల వ్యాసంతోనే ఎన్నో ఏళ్ళు 300 మీటర్ల లోతుకి హామీ ఇచ్చింది. ఇంకో విచిత్రం చెప్పనా? 2008లో ఆ సబ్‌మెరీనర్‌లో తేదీ చూపే రకానికీ, 44 మిల్లీమీటర్ల డీప్‌సీకీ లోపల తిరిగే యంత్రం ఒక్కటే. కాలం కొలిచే పని రెండింటిలోనూ సమానమే. మిగిలినదంతా గోడ.

మరి వెడల్పు ఎందుకు వచ్చింది? అది కంటికోసం వచ్చింది. 1930లలో ఇటలీ నౌకాదళానికి పానెరాయ్ సంస్థ 47 మిల్లీమీటర్ల వాచీలు అందించింది. వాటిలో పెట్టింది జేబు గడియారాల యంత్రం. ఆ దళం ఈతగాళ్ళు రాత్రివేళ బురదనీటిలో శత్రువుల ఓడల కిందికి వెళ్ళి మందుగుండు అమర్చేవారు. 1941 డిసెంబరులో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవులో రెండు బ్రిటిష్ యుద్ధనౌకలను అలాగే దెబ్బతీశారు. చీకటి, చలి, కళ్ళకి ముసుగు, ఒంటికి దళసరి రబ్బరు తొడుగు. ఆ తొడుగు మీదనుంచి కట్టుకోవలసిన వాచీ అది. వాళ్ళకి పళ్ళెమంత డయలు ఉండటంలో అర్థం ఉంది.

కాలం కొలవడం కూడా నీటిలో మునిగేవారికి సరదా కాదు, ప్రాణావసరం. గోలీ సోడా కొట్టినప్పుడు ఏమవుతుందో మీకు తెలుసు. లోపల ఒత్తిడిలో ఉన్నంతసేపూ నీటిలో కరిగి కూర్చున్న వాయువు, ఒత్తిడి తగ్గగానే బుడగలై పొంగుతుంది. లోతు నీటిలో పీల్చిన గాలిలోని నత్రజని కూడా మనిషి రక్తంలో అలాగే కరుగుతుంది. గబాలున పైకి వస్తే ఒళ్ళే సోడాబుడ్డి అవుతుంది! 30 మీటర్ల లోతున 20 నిమిషాలకి మించి ఉంటే దారిలో ఆగి ఆగి పైకి రావాలని వినోదానికి మునిగేవారి పట్టికల్లో ఒకటి చెబుతుంది. అందుకే 1953లో వచ్చిన బ్లాంపెన్ ఫిఫ్టీ ఫాదమ్స్ వంటి వాచీలకి డయలు చుట్టూ తిరిగే అంకెల వలయం పెట్టారు. మునిగేటప్పుడు దాని గుర్తుని నిమిషాల ముల్లు ఎదుటికి తిప్పితే చాలు, ఎన్ని నిమిషాలు గడిచాయో చూడగానే తెలుస్తుంది. ఇప్పటి డైవింగ్ వాచీల్లో చాలావాటికి ఈ వలయం ఒక్క వైపుకే తిరుగుతుంది. పొరపాటున దేనికైనా తగిలి కదిలినా, మిగిలి ఉన్న సమయాన్ని తక్కువచేసి చూపుతుందే గాని ఎక్కువచేసి చూపదు. తప్పు చేసినా మనిషిని బతికించే వైపుకే చేసే పరికరం! ఈ ఒక్క ఊహకి నేను ఆ వాచీలకి నమస్కారం పెడతాను.

ఇది పనిముట్ల కథ. తరువాతిది పోటీల కథ. 1960 జనవరి 23న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ అనే ఇద్దరు ట్రియెస్ట్ అనే నౌకలో మేరియానా అగాధం అడుగుకి, అంటే దాదాపు 10,900 మీటర్లు దిగారు. ఆ నౌక బయట ఒక వాచీని కట్టారు. పైకి వచ్చాక కూడా అది నడుస్తూనే ఉంది. గొప్ప ప్రయోగమే, కాదనను. కాని ఆ వాచీ అద్దం ఉబ్బిన గోళంలా ఉండేది, అది చేతికి పెట్టుకోవడానికి చేసినది కాదు. అంత లోతుకి చెయ్యి వెళ్ళదు. 1988లో ఫ్రాన్సు తీరాన కోమెక్స్ సంస్థ గజఈతగాళ్ళు 534 మీటర్ల లోతున పనిచేశారు. వినోదానికి మునిగేవారికి పెట్టిన హద్దు 40 మీటర్లు. మరి 3,900 మీటర్లనీ, 11,000 మీటర్లనీ రాసిన వాచీ ఎవరి చేతికి?

లోతు నీటి పని మనకు దూరమేమీ కాదు. విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన ఐ.ఎన్.ఎస్. నిస్తార్ అనే నౌక 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. దాని నుంచి 300 మీటర్ల లోతు వరకు ఈతగాళ్ళని దింపి పని చేయించవచ్చు. అటువంటి పనుల్లో రోజుల తరబడి ఒత్తిడి గదుల్లో ఉంటూ హీలియం కలిసిన గాలి పీలుస్తారు. హీలియం పరమాణువు ఎంత చిన్నదంటే, నీరు దూరని రబ్బరు వాషరు గుండా కూడా వాచీలోకి దూరిపోతుంది. గదిలో ఒత్తిడి తగ్గించేటప్పుడు అది త్వరగా బయటికి రాలేక అద్దాన్ని ఊడగొట్టగలదు. అందుకే కొన్ని వాచీలకి హీలియం బయటికి పోయే చిన్న కవాటం ఉంటుంది. మా మేనల్లుడి వాచీకీ అలాంటి బొడిపె ఒకటి ఉంది. వాడు హీలియాన్ని చూసింది పుట్టినరోజు బుడగల్లోనే!

ఇక పొడినేల మీదకి వద్దాం. డీప్‌సీ వంటి స్టీలు వాచీ గొలుసుతో కలిపి 200 గ్రాములు దాటుతుంది. మన పది రూపాయల నాణెం 7.7 గ్రాములు. అంటే 26 నాణేలు చేతికి కట్టుకుని తిరిగినట్లు. మీ ఇంట్లో పాత హెచ్.ఎం.టి. జనతా వాచీ ఉంటే పక్కన పెట్టి చూడండి. దాని వ్యాసం 35 మిల్లీమీటర్లే, తోలు పట్టీతో ఉంటే చేతికి ఉన్నట్లే ఉండదు. వాచీ ఎక్కడుంటుంది? భుజం నుంచి వేలాడే పొడుగాటి మీట చివర. చెయ్యి ఊపిన ప్రతిసారీ ఆ బరువుని కదిలించాలి, మళ్ళీ ఆపాలి. బరువు అయిదింతలయితే ఆ శ్రమా అయిదింతలు. పైగా డీప్‌సీ మందం 17.7 మిల్లీమీటర్లు. ఎత్తు పెరిగితే గురుత్వకేంద్రం చర్మానికి దూరమవుతుంది, వాచీ పక్కకి వాలుతూ ఉంటుంది. వాలకుండా ఉండాలని పట్టీ బిగిస్తారు. బిగిస్తే చెమట, ఒరుపు. చొక్కా కఫ్ఫు కింద దూరదు, బస్సులో కడ్డీకి తగులుతుంది, బల్ల మీద చెయ్యి ఆనించి రాయబోతే అడ్డం వస్తుంది.

మీ స్కేలు తీసి మణికట్టు పై భాగం వెడల్పు కొలవండి. పట్టీ తగిలించే కొమ్ముల చివరి నుంచి చివరి వరకు వాచీ పొడుగు అంతకంటే మించితే అది మీకు సరిపోని చొక్కా వంటిదే. వ్యాసం ఒక్కటే చూసి మోసపోకండి.

ఇంత చెప్పినా ఒక మాట ఒప్పుకోవాలి. పెద్ద అంకెలు, చీకట్లో మెరిసే ముళ్ళు మంచివే. డైవింగ్ వాచీల అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఒ. 6425 ప్రకారం చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి సమయం కనిపించాలి. చూపు మందగించిన తాతగారికి అదొక వరం. తిరిగే వలయం పరీక్ష హాల్లో ఎంత ఉపయోగమో మీరే పెట్టి చూడండి. నీటికి తట్టుకోవడమూ వానాకాలంలో చిన్న సంగతి కాదు. కాని వీటిలో ఒక్కటీ పెద్ద సైజుని కోరదు. 38, 40 మిల్లీమీటర్ల వాచీలో ఇవన్నీ అమరుతాయి. నీరు చొరబడని తొలి చేతి వాచీలు చిన్నవే. 1927లో మెర్సిడెస్ గ్లైట్జ్ ఇంగ్లీషు ఛానెల్‌లో ఈదినప్పుడు అలాంటిదాన్ని మెడకి వేలాడదీసుకుంది. ఎవరైనా పెద్దవారు, ఇది నాకు నగ, ముచ్చటపడి పెట్టుకున్నానంటే నాకు పేచీ లేదు. నగకి లెక్క అడగకూడదు. దాన్ని పనిముట్టు అన్నప్పుడే అడుగుతాను.

నాకు నిజంగా బెంగ కలిగించేది ఆ డయలు మీది అంకె. పెద్ద వాచీ, పెద్ద అంకె చూసి నీళ్ళలోకి దూకే పిల్లలున్నారు. 30 మీటర్లు అని రాసి ఉంటే 30 మీటర్ల లోతున ఈదవచ్చని కాదు. కొత్త వాషర్లతో, కదలని నీటి ఒత్తిడికి చేసిన పరీక్ష అది. చేతులు కడుక్కోవడానికి, వానకి సరే. ఈతకి 100 మీటర్ల రకమైనా కావాలి. చెయ్యి నీటిలో విసిరితే ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుందని కొందరంటారు. అది తప్పు. సెకనుకి 5 మీటర్ల వేగంతో విసిరినా అదనంగా వచ్చేది ఒకటింబావు మీటరు లోతు ఒత్తిడే. అసలు దొంగ వాషరు. వయసుతో రబ్బరు గట్టిపడుతుంది, సబ్బూ వేడినీళ్ళూ దాన్ని తినేస్తాయి. కీ సరిగా లోపలికి నొక్కకపోతే ఏ అంకె రాసి ఉన్నా నీరు దూరుతుంది. నకిలీ వాచీ మీద 300 అని అచ్చువేయడానికి ఒక చుక్క సిరా చాలు. ఈతకి ముందు వాచీ బాగుచేసే మనిషి చేత ఒత్తిడి పరీక్ష చేయించడమే మార్గం.

ఈ లెక్కలన్నీ మా మేనల్లుడికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. వేసవిలో మా ఊరు వస్తే ఈత నేర్పిస్తానన్నాను, సరేనన్నాడు. మా చెరువు లోతు నిండు వానల్లో కూడా నాలుగు మీటర్లు దాటదు. వాచీతో దిగుతాడో, విప్పి గట్టు మీద పెడతాడో చూడాలి.