గుండెకి కోటా ఉందా?

"ప్రతి ప్రాణికీ వంద కోట్ల గుండె చప్పుళ్ళు రాసిపెట్టి ఉంటాయట. జిమ్ముకెళ్ళి వాటిని తొందరగా ఖర్చు పెట్టుకోవడం దేనికి?" - వ్యాయామం ఎగ్గొట్టడానికి మన ఐటీ జనాలు చెప్పే సాకుల్లో నాకు బాగా నచ్చినది ఇదే. సైన్సు వాసన కొడుతుంది కదా మరి!

ఇందులో సగం నిజం ఉంది. పాతిక గ్రాముల చిట్టెలుక గుండె నిమిషానికి దాదాపు 600 సార్లు కొట్టుకుంటుంది. నాలుగు వేల కిలోల ఏనుగుది 30 సార్లు. బరువు 1,60,000 రెట్లు పెరిగితే వేగం తగ్గింది 20 రెట్లే. సుమారుగా చెప్పాలంటే, బరువు 16 రెట్లు పెరిగినప్పుడల్లా గుండె వేగం సగమవుతుందన్నమాట.

ఎందుకిలా? ఎలుకైనా ఏనుగైనా గుండె బరువు ఒంటి బరువులో దాదాపు 0.6 శాతమే. కానీ చిన్న జంతువుకి గ్రాము కండకి కావలసిన ఆక్సిజన్ చాలా ఎక్కువ. బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ కాబట్టి ఒంట్లో వేడి త్వరగా పోవడం ఇందుకు ఒక కారణం (అదొక్కటే చాలదని 1932లో మాక్స్ క్లైబర్ లెక్కలు చూపించాయి). పంపు సైజు పెంచే వీల్లేనప్పుడు స్పీడు పెంచాల్సిందేగా!

ఇక ఆయుష్షుతో గుణించండి. రెండున్నరేళ్ళ ఎలుకకి 80 కోట్లు, 65 ఏళ్ళ ఏనుగుకి 100 కోట్లు వస్తాయి. భలే కుదిరింది! ఇప్పుడు మన లెక్క చూద్దాం. నిమిషానికి 70 చొప్పున 70 ఏళ్ళకి 257 కోట్లు. కోటా ఏమైనట్టు? లాగ్ స్కేలు గ్రాఫులో రెండున్నర రెట్ల తేడా చిన్న చుక్క పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది, అంతే. మన జీవితంలో మాత్రం అది నలభై ఏళ్ళు. మంచినీళ్ళూ, టీకాలూ వచ్చాక మన సగటు ఆయుష్షు పెరిగింది. రాసిపెట్టినదే అయితే ఎలా పెరిగినట్టు?

పోనీ, కోటా ఉందనే అనుకుందాం. కదలకుండా కూర్చునే మనిషికి నిమిషానికి 75 చొప్పున రోజుకి 1,08,000. రోజూ ముప్పావుగంట 130 వేగంతో పరిగెత్తి, ఆ అలవాటు వల్ల మిగతా సమయంలో 65కి దిగిన మనిషికి 96,525. వాళ్ళ లెక్కలోనే వాళ్ళు ఓడిపోయారు!

జాతుల మధ్య కనిపించే సగటు, మీ ఒక్కరికీ రాసిచ్చిన బాండు కాదు. వందల సర్వర్ల సగటు చూసి ఒక సర్వర్ ఎప్పుడు పోతుందో మనం చెప్పం కదా. గుండె విషయంలోనే ఎందుకు చెబుతాం? బద్ధకంగా ఉంటే బద్ధకమనే చెప్పుకుందాం, పాపం ఏనుగుని మధ్యలోకి లాగొద్దు :)