వాలికి తోక ఉండవలసిందే

మన పాత భక్తి నాటకాలలో జంతు పాత్రలను గురించి మూడు అభిప్రాయాలు చదువుకున్నవారిలో బాగా పాతుకుపోయాయి. అవి పిల్లల నవ్వు కోసం పెట్టిన వేషాలన్నది మొదటిది. ఏనుగంటే అహంకారం, మొసలి అంటే సంసారం, కోతి అంటే చపల చిత్తం అన్నది ప్రవచనకారులు చెప్పే రెండవది. వానరులు అడవి జాతి మనుషులు, తోక కవుల కల్పన అన్నది హేతువాద మిత్రుల మూడవది. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పొసగదు. అయినా మూడూ కలిసి ఒకే పని చేస్తున్నాయి. రంగం మీద జంతువు నోరు నొక్కేస్తున్నాయి. అందుకే మూడింటినీ నేను అంగీకరించను.

లభించిన తెలుగు యక్షగానాలలో తొలి రచనగా సాహిత్య చరిత్రకారులు చెప్పేది 16వ శతాబ్దికి చెందిన కందుకూరి రుద్రకవి 'సుగ్రీవ విజయము'. రామకథలో సీతా కల్యాణం ఉంది, పట్టాభిషేకం ఉంది. వాటిని విడిచి ఆ కవి కిష్కింధను ఎన్నుకున్నాడు. రామలక్ష్మణులను మినహాయిస్తే వాలి, సుగ్రీవుడు, తార, హనుమంతుడు అందరూ వానరులే. కోతి వేషం కేవలం హాస్యానికే అయితే నాటకం మొత్తాన్ని ఆ భుజాల మీద మోపుతాడా?

ఆ కథకు ప్రాణం వాలి అడిగిన ప్రశ్న. వాల్మీకి కిష్కింధాకాండలో 17, 18 సర్గలు తీసి చూడండి. నేలకొరిగిన వాలి రాముణ్ణి నిలదీస్తాడు. నీకూ నాకూ వైరం లేదు, వేరొకరితో పోరుతున్నవాణ్ణి ఎందుకు కొట్టావు? నా చర్మం సజ్జనులు ధరించరు, నా మాంసం తినదగినది కాదు, మరి ఇది ఏ వేట? రాముడు ముఖ్యంగా రెండు సమాధానాలు చెబుతాడు. తమ్ముడి భార్య రుమను చేపట్టావు గనుక ఇది రాజదండన అన్నది ఒకటి. నీవు శాఖామృగానివి, మృగాన్ని రాజులు ఏ విధంగానైనా వేటాడతారు అన్నది రెండవది.

ఈ రెండూ ఒకచోట ఇమిడేవి కావు. దండనకు తగినవాడైతే వాలికి ధర్మాధర్మ వివేకం ఉన్నట్టే. కేవలం మృగమే అయితే అతనికి పరదారా దోషం ఎక్కడిది? చివరకు వాలి సమాధానపడి అంగదుణ్ణి అప్పగిస్తాడు, నిజమే. కాని ప్రశ్న ప్రేక్షకుని వెంట ఇంటికి వస్తుంది.

ఇప్పుడు ఆ మూడు అభిప్రాయాలనూ ఈ ఘట్టం మీద గీటు పెట్టి చూద్దాం. నవ్వులాటగా ఆడిస్తే వాలి ప్రశ్న ఎవరికీ వినిపించదు. వాలిని కామానికి ప్రతీక చేస్తే కామం నశించిందని చప్పట్లు కొట్టాలి, ఇక తార ఏడుపెందుకు? తోక తీసి మనిషిని చేస్తే రాముని రెండవ సమాధానానికి నిలువ నీడ ఉండదు. పైగా అడవిలో బ్రతికే మనుషులనే కవులు కోతులన్నారని చెప్పడం ఆ జాతులకు గౌరవమా, అవమానమా?

వాలి ఒంటరివాడు కాడు. భాగవత దశమస్కంధంలో కాళియుడు కృష్ణునితో, పుట్టుకతోనే విషం గలవాళ్ళం, మాకు ఈ స్వభావం ఇచ్చినవాడివి నీవే కదా అంటాడు. కృష్ణుడు అతణ్ణి చంపక గరుడ భయం లేకుండా చేసి పంపించాడు. ఇక గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్న మహారాజు గదా, అది జంతువు మొర ఎట్లా అవుతుందని అడిగేవారుంటారు. ఆ శాపకథ తెలిసేది మోక్షం తరువాత. మడుగులో మొరపెట్టుకున్నప్పుడు వినిపించింది ఏనుగు గొంతే.

రంగం మీద జంతు రూపాన్ని ఎట్లా గౌరవించాలో తమిళనాట తంజావూరు దగ్గరి మేలట్టూరులోని తెలుగు భాగవతులను చూసి నేర్చుకోవాలి. అక్కడ నృసింహ జయంతి వేళ మేలట్టూరు వేంకటరామశాస్త్రి 'ప్రహ్లాద చరిత్రము'ను తెలుగులోనే ఆడతారు. నరసింహుని ముఖానికి పూజలు జరుగుతాయి. దానిని ధరించే నటుడు ఉపవాసం ఉంటాడు. మన జగ్గయ్యపేట దగ్గర వేదాద్రిలో సింహముఖుడైన స్వామికి మొక్కే మనం, బడి వార్షికోత్సవంలో వానరుణ్ణి చూసి ఎందుకు పకపక నవ్వుతున్నాం?

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు బడులలో తెలుగు చెప్పినవాణ్ణి గనుక ఈ మాట చెప్పకుండా ఉండలేను. రాముని వేషం ఊళ్ళో పలుకుబడి గలవారి పిల్లవాడిది. కోతి వేషం నల్లనివాడికి, పేదవాడికి, ఊరి చివరి గుడిసెల నుండి వచ్చినవాడికి. నాటకం ఒక్క రాత్రితో ముగుస్తుంది, 'కోతి' అన్న పేరు మాత్రం పదవ తరగతి దాకా వాణ్ణి వదలదు. ఒక బడిలో అభ్యంతరం చెబితే, "పంతులు గారూ, కోతికి పద్యాలెందుకండీ?" అన్నారు. రుద్రకవి చదువుకోని ఊరిలోనే ఇటువంటి మాట పుడుతుంది.

మా మెట్ట రైతుకు ఈ ధర్మసంకటం ఎవరూ బోధించనక్కరలేదు. మొక్కజొన్న చేనులో పడిన కోతుల గుంపును పగలు కేకలు వేసి తరుముతాడు. సాయంత్రం ఆంజనేయుని గుడిలో దీపం పెడతాడు. అది దొంగా, మృగమా, స్వామి బంధువా అన్న చిక్కు అతనికి ప్రతి పంటకూ ఎదురవుతూనే ఉంది. పండితులు కథలో నుండి తీసివేయబోయేది ఆ చిక్కునే.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి కిష్కింధ ఆడించినప్పుడు బడి మొత్తంలో పద్యం బాగా చదివే పిల్లను గాని పిల్లవాణ్ణి గాని వాలిగా నిలపండి. తోక తప్పక పెట్టండి. బాణం తగిలిన తరువాత తెర దించకండి. వాలి అడగవలసినదంతా అడగనివ్వండి, రాముణ్ణి సమాధానం చెప్పనివ్వండి. ఎవరి మాట నెగ్గిందో పిల్లలే తేల్చుకుంటారు.